బొంత తడిమే శాస్త్రం

పసిబిడ్డకు బొంత కావాలంటే ఇందుకూరుపేట చుట్టుపక్కల పల్లెల్లో ముందుగా వినిపించే పేరు నాగులమ్మది. ఆ సంగతి నాగులమ్మకూ తెలుసు. తెలిసినట్టు ముఖంలో కనపడకూడదని ఆమె చాలా జాగ్రత్త పడుతుంది. కనపడుతూనే ఉంటుంది, పాపం.

ఆమె ఇల్లు సముద్రానికి దగ్గర. వరండాలో పరిచిన పాత చీరకు నాలుగు మూలలా బరువు పెట్టకపోతే అది లేచిపోయి పక్కింటివాళ్ళ ఎండుచేపల మీద వాలుతుంది. అందుకని వలలకు కట్టే సీసపు గుళ్ళు మూలకు గుప్పెడు చొప్పున పెడుతుంది. పెనిమిటి గంగాధరం వల బాగుచేసుకుంటూ గుళ్ళు చాలక వెతుక్కునే వేళకు అవి ఎవరిదో ఒక చీరకొంగు మీద హాయిగా కూర్చుని ఉంటాయి. తీశాడా, చీర పోతుంది. తీయకపోతే వల తేలుతుంది. చాలాసార్లు వలే తేలింది.

ఆమె పనిలో ఒక పద్ధతి ఉంది. వాళ్ళూ వీళ్ళూ తెచ్చిచ్చిన పాత చీరలను గంజి వదిలేదాకా నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఒకదాని మీద ఒకటి పరుస్తుంది. గట్టి చీర అడుగున, బాగా కట్టి కట్టి మెత్తబడ్డ చీర పైన. నీలిమందులో ముంచిన దారాన్ని రెండు కొసలా బిగించి పట్టి చటుక్కున వదిలితే గుడ్డ మీద నీలి గీత పడుతుంది. ఆ గీత వెంబడే కుట్టు. వేలికి సైకిలు ట్యూబు ముక్క తొడుక్కుంటుంది. దారానికి కొవ్వొత్తి ముక్క రాస్తుంది. సూది మొరాయిస్తే తలలో ఒకసారి గీసుకుంటుంది. కొబ్బరినూనె తగిలి మళ్ళీ బుద్ధిగా నడుస్తుంది. బొంతకు ముందు చిరిగేవి మూలలే కాబట్టి, చిట్టచివర నాలుగు మూలలా ముక్కోణపు గుడ్డముక్కలు జేబుల్లాగా వేసి కుడుతుంది. ఆ జేబుల్ని చూసి ఇది నాగులమ్మ బొంత అని ఎవరైనా చెప్పేస్తారు.

ఇంత పద్ధతిగా కుట్టే మనిషికి సామాను సర్దుకోవడంలో మాత్రం ఏ పద్ధతీ లేదని ఊరి అభిప్రాయం. ఉందని నాగులమ్మ అభిప్రాయం. ఒక సూది క్యాలెండరులో, ఒకటి తలుపు తెరకు, ఒకటి దిండుకు, మిగతావి ఏ మూట పని నడుస్తుంటే ఆ మూటకు. "నాకు తెలుసులే యాడుండాయో," అంటుంది. ఆమెకు నిజంగానే తెలుసు. గంగాధరానికి మాత్రం నెల మారినప్పుడల్లా క్యాలెండరు కాగితం తిప్పబోయి వేలు గుచ్చుకున్నాక తెలుస్తుంది.

పోయిన వేసవిలో ఒక చిన్న సంగతి జరిగింది. పక్క పల్లెలో బొంతలు కుట్టే రెబెక్కమ్మ ఇచ్చిన బొంతలో పిన్నీసు ఒకటి దొరికింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా చేపలు తూకం వేసే చోట, రెబెక్కమ్మ గంప పట్టుకుని నిలబడి ఉండగానే, నాగులమ్మ ఊరుకోలేకపోయింది.

"బొంత కుట్టేదానికి చేతులుంటే చాలదుమే, కళ్ళు గూడా ఉండాల," అంది, ఎవరితోనూ కాదన్నట్టు అందరితోనూ. "నా బొంతలో సూది కాదుగదా, సూదిమొన దొరికినా ఆ పొద్దే నా కత్తెర సముద్రంలో పారేస్తా."

రెబెక్కమ్మ గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. ఇలాంటి మాటలు సముద్రం ఒడ్డున అనకూడదు. గాలికి చాలా దూరం పోతాయి, ఎప్పుడో తిరిగి వస్తాయి.

తిరిగి వచ్చింది ఈ మాఘమాసంలో.

గూడూరులో ఉన్న చెల్లెలికి కంటి ఆపరేషనని కబురొచ్చింది. నాగులమ్మ చేతిలో అప్పుడు వెంకటశేషమ్మగారి బొంత ఉంది. వెంకటశేషమ్మ ఇందుకూరుపేట దాటాక లోపలి పల్లెలో వరి సాగుచేసే ఇంటి పెద్దావిడ. మనవరాలు బిందు పురిటికొచ్చి మగబిడ్డను కన్నది. మునిమనవడికని ఆవిడ తాను కట్టి మెత్తబరిచిన చీరలు ఇచ్చింది. ఆటో వాకిట్లోకొచ్చి హారన్ కొడుతుంటే నాగులమ్మ ఆఖరి మూల కుట్టింది, దారం తెంపింది, బొంత మడిచింది, దారిలో వాళ్ళింట్లో ఇచ్చేసి గూడూరు వెళ్ళిపోయింది.

నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చి, తన మెట్టు మీదే ఆగిపోయింది.

"ఎవరిల్లు మే ఇది?"

"మనదే అత్తా," అంది కోడలు స్వర్ణ, వెలిగిపోతున్న ముఖంతో.

వరండాలో నేల కనిపిస్తోంది. ఆ వరండాకు ఎర్ర గచ్చు ఉందన్న సంగతి గంగాధరం కూడా మరిచిపోయాడు. మూటలన్నీ గోడవారగా, ఒకదానిమీద ఒకటి, పేర్లు రాసిన చీటీలతో. నాగులమ్మ కొడుకు సుధాకర్ రొయ్యల గుంటల దగ్గర పనిచేస్తాడు. అక్కడ ఖాళీ అయిన ప్లాస్టిక్ బకెట్లను స్వర్ణ తెప్పించి, కడిగి, వరసగా పేర్చి, ఒక్కొక్కదాని మీద స్కెచ్ పెన్నుతో రాసింది. దారాలు. గుండీలు. ఎర్ర ముక్కలు. మిగతా ముక్కలు. సూదులు. చివరి బకెట్టు మీద 'ఏమో' అని ఉంది.

"బాగుండాదిగదా," అన్నాడు గంగాధరం, కాళ్ళు పూర్తిగా చాపుకుని. "ఇది ఏ నెలో ఇయ్యాళే తెలిసింది నాకు, రక్తం కారకుండా."

నాగులమ్మ ఆ మాట వినిపించుకోలేదు. చేతి సంచి కింద పెట్టి, "నా కొవ్వొత్తి ముక్క యాడ?" అంది.

"ఏమో."

"ఏమో ఏందిమే? ఎత్తి పెట్టింది నువ్వేగదా?"

"అదే అత్తా. ఏమో బకెట్లో ఉండాది."

ఆ బకెట్లోనే ట్యూబు ముక్కలు, నీలిమందు ఉండ, సీసపు గుళ్ళు, తాను ఎన్నేళ్ళుగానో దాచిపెట్టుకున్న కొక్కేలూ లాగులనాడాలూ అన్నీ ఉన్నాయి. తన పనిముట్లలో సగాన్ని కోడలు 'ఏమో' అనుకుందన్న సంగతి నాగులమ్మకు కొంచెం ఎక్కువగానే తగిలింది. కోపం పట్టుకోవడానికి ఒక కారణం కావాలి. సూదుల బకెట్టు మూత తీసింది. చేపల పెట్టెలోని తెల్ల అట్టముక్క మీద సూదులన్నీ పొట్టి నుంచి పొడుగు వరకూ స్కూలు పిల్లకాయల్లాగా నిలబడి ఉన్నాయి.

ఒకటి తక్కువ.

నల్లది లేదు. నాగులమ్మ చేతిలో అరిగి అరిగి నల్లబడ్డ పెద్ద సూది. ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వదు దాన్ని.

"యాడ పారబోసినావు?"

"ఉన్నెవన్నీ తీసి గుచ్చినా అత్తా. నల్లది నాకు కనపడనే లా."

"కనపడదు, చిమ్మేటప్పుడు కళ్ళు మూసుకుంటే ఎట్టా కనపడతాది! ఒక్క సూదిని కనిపెట్టుకోలేనిదానివి, రేపు కాపరాన్ని ఏం కనిపెట్టుకుంటావు?"

ఈ మాట వీధికంతా వినపడింది. ఎదురింటామె చేపలు ఆరబెట్టడం ఆపి మరీ వింది. స్వర్ణ లోపలికి వెళ్ళింది. వెళ్ళేముందు బకెట్టు మూత పెట్టింది, చాలా నెమ్మదిగా. ఆ నెమ్మదే నాగులమ్మకు గుచ్చుకుంది గానీ, అప్పటికి ఒప్పుకునే స్థితిలో లేదు.

గంగాధరం లేచి, పాత లౌడు స్పీకరులోంచి ఊడదీసిన సూదంటురాయి తెచ్చాడు. గాలాలు ఇసకలో పడితే వెతికేందుకు దాన్ని తాడు కట్టి ఉంచుకుంటాడు. చెత్తకుప్పంతా దానితో దేవాడు. సోడామూతలు వచ్చాయి, తుప్పుపట్టిన గాలాలు వచ్చాయి, సుధాకర్ చిన్నప్పుడు పోగొట్టుకున్న బొమ్మకారు చక్రం వచ్చింది. సూది రాలేదు.

"ఆఖరున దేనికి కుట్టినావు దాంతో?" అని అడిగాడు గంగాధరం, నడుం నిమురుకుంటూ.

నాగులమ్మ గచ్చు మీద కూలబడింది.

ఆఖరున కుట్టింది పురిటి బొంత. ఆటో హారన్. ఆఖరి మూల. దారం తెంపింది, ఆ సంగతి గుర్తుంది. సూది ఎక్కడ గుచ్చింది? ఎంత ఆలోచించినా హారనే వినపడుతోంది తప్ప సూది కనపడటం లేదు.

"ఫోన్ చెయ్," అన్నాడు గంగాధరం. "సూది పోయింది, బిడ్డను పండబెట్టబాకండి అని చెప్పు. అయిపాయె."

"అయిపాయనా! అయిపోయేది నా పేరు."

"బిడ్డ ఉండాదిమే, ఆడ."

అది నాగులమ్మకు తెలియదా? అప్పటికే ఫోను చేతిలో ఉంది. అవతల వెంకటశేషమ్మ 'హలో' అంది. నాగులమ్మ గుండె 'సూది' అంటోంది. నోరు మాత్రం వేరే పనిలో పడింది.

"అమ్మా, నేను నాగులును. బొంత మీద బిడ్డను పండబెట్టినారా?"

"ఇంకా లేదులే," అంది వెంకటశేషమ్మ. ఎందుకో ఒకసారి దగ్గింది. "ఏం?"

నాగులమ్మ ప్రాణం లేచొచ్చింది. "అదే, పండబెట్టబాకండి. మా సముద్రపు తట్టు శాస్త్రం ఒకటుండాది. కొత్త బొంతను కుట్టిన మనిషే వచ్చి ఒకసారి తడిమి పోవాల. అందాకా బిడ్డను దానిమీద ఎయ్యగూడదు."

"ఇన్నేళ్ళుగా బొంతలు కుట్టిస్తా ఉండా. ఎప్పుడూ వినలేదే?"

"మగబిడ్డయితేనే అమ్మా."

"నా కొడుకులు మగబిడ్డలు కాదా?"

"మాఘమాసంలో పుట్టిన మగబిడ్డయితే," అంది నాగులమ్మ, చెమట తుడుచుకుంటూ.

"సరే, రా," అంది వెంకటశేషమ్మ. "వచ్చి తడుము."

గంగాధరం భార్య వంక చూశాడు. వల ముందేసుకుని దాని మీదికి తల వంచాడు. కానీ భుజాలు కదులుతున్నాయి, నవ్వుకు.

సూదంటురాయిని పసుపు గుడ్డలో చుట్టి, ముడివేసి, చేతి సంచిలో పెట్టుకుంది నాగులమ్మ. ఆటో ఎక్కబోతుంటే స్వర్ణ వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వెందుకు?"

"నా చూపు బాగుంటాది అత్తా. సూది కనపడితే నేను చెప్తా." ముఖం ఇంకా కందిపోయే ఉంది. దారిలో సంచి వెళ్ళి ఆటో ఇనప కమ్మీకి అతుక్కుంటే అత్తాకోడళ్ళిద్దరూ చెరో వైపు పట్టి లాగాల్సి వచ్చింది. మామూలు రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు.

వెంకటశేషమ్మగారింట్లో ఏర్పాట్లు చూసి నాగులమ్మకు ముచ్చెమటలు పోశాయి. హాలు ఊడ్చి ముగ్గు వేశారు. ఇనప మంచం మీద బొంత పరిచారు. పక్కన పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, కొత్త రవిక గుడ్డ. బిందు ఫోను పట్టుకుని వీడియోకు సిద్ధంగా ఉంది. బిందు మొగుడు వెంకటేష్ రొయ్యల గుంటల దగ్గర నుంచి పనిమానుకుని మరీ వచ్చి బిడ్డను ఎత్తుకుని నిలబడ్డాడు. వెంకటశేషమ్మ మాత్రం స్తంభాన్ని ఆనుకుని నిలబడింది.

"కూర్చో అవ్వా," అంది బిందు.

"నేను బాగానే ఉండాలే."

"అవ్వకి నడుం నొప్పి అత్తా, నాలుగు రోజుల్నించి. కూర్చోదు. పొలంలో ముల్లు గుచ్చుకుందని ఇంజెక్షన్ గూడా వేయించుకుంది. నడుంనొప్పికి ముల్లుకి ఏం సంబంధమో చెప్పదు."

"నీకెందుకే అయ్యన్నీ? శాస్త్రం కానియ్యి, నాగులూ," అంది వెంకటశేషమ్మ కొంచెం గట్టిగా.

నాగులమ్మ కళ్ళు మూసుకుని ఏదో గొణిగింది. గంగమ్మతల్లిని పిలిచి క్షమించమని అడుగుతోందని అక్కడెవరికీ తెలియదు. పసుపు మూట తీసి బొంత మీదికి దించింది.

ఠంగుమని శబ్దమొచ్చింది. మూట బొంతతో సహా ఇనప మంచానికి కరుచుకుంది.

"అమ్మో!" అంది బిందు, ఫోను ఇంకా దగ్గరకు తెచ్చి. "శక్తి ఉండాది!"

నాగులమ్మ లాగింది. రాలేదు. స్వర్ణ వచ్చి లాగింది. ఇద్దరూ కలిసి లాగితే వచ్చి, వచ్చిన ఊపున వెనక్కి తూలారు. సరిగ్గా అప్పుడే ఏమైందో చూద్దామని వంగిన వెంకటశేషమ్మ నడుముకున్న తాళాల గుత్తి గలగలమంటూ లేచి, మూటకు అంటుకుపోయింది. ఇద్దరు పెద్దవాళ్ళు ఒకరి నడుముకు ఒకరి చెయ్యి అతుక్కుని ముగ్గు మీద గుండ్రంగా ఒక చుట్టు తిరిగారు.

"వదులు మే!"

"నేను పట్టుకోలేదమ్మా, అదే పట్టుకునింది!"

వెంకటేష్ బిడ్డను చంకకు మార్చుకుని వచ్చి తాళాలు పీకాడు. గుడ్డ సందులోంచి చూశాడు. "ఇది స్పీకర్ మ్యాగ్నెట్ గదా అత్తా?"

స్వర్ణ నేల చూపులు చూస్తోంది.

"గంగమ్మ గుడి స్పీకరుది," అంది నాగులమ్మ. అందులో ఒక్క ముక్క నిజం ఉంది. గుడి వాళ్ళు పనికిరాదని పారేస్తే గంగాధరం తెచ్చుకున్నాడు.

"గుడిదా! అయితే ఇంకా మంచిదే," అంది బిందు.

బొంతను నేల మీద పరిచారు. నాగులమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, రాయిని గీత గీతకూ నడిపించింది. ఎక్కడా అంటుకోలేదు. రాయి పక్కనపెట్టి అరచేత్తో తడిమింది. తాను వేసిన ప్రతి కుట్టూ చేతికి తగిలింది, సూది తగల్లేదు. మూలల జేబుల్లో వేలు పెట్టి చూసింది. ఆఖరి మూల కుట్టు కొంచెం వదులుగా ఉంది, అంతే. ఇంకొకసారి తడిమింది. ఏమీ లేదు.

ఏమీ లేదు! నాగులమ్మ ఊపిరి పీల్చుకుంది. సూది ఇక్కడ లేదు, పేరు ఎక్కడికీ పోలేదు. బిందు ఫోనును మంచం మీద ఆనించి, పళ్ళెం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. రవిక గుడ్డ ఆకుపచ్చది, మంచి రంగు. తీసుకుని ఇంటికి పోవడమే మిగిలింది.

"ఇంక వేద్దామా వీణ్ణి?" అంటూ బిందు బిడ్డను అందుకుంది. చేతులు చాపి, వంగి, బొంత మధ్యకు దించబోయింది. వాడు నిద్రలో పెదాలు చప్పరించాడు.

నాగులమ్మకు ఆ పెదాలు కనిపించాయి. బొంత మందం గుర్తొచ్చింది. అయిదు పొరలు. రాయికి అందనంత లోతున, మడతలో అడ్డంగా పడుకుని ఉంటే? ఇవాళ దొరకనిది రేపు బిడ్డ పొర్లినప్పుడు దొరికితే?

"ఆగమ్మా!" అని అరిచింది. పళ్ళెం కిందపడి అరటిపళ్ళు దొర్లాయి. "ఎయ్యబాక! శాస్త్రం లేదు, గీస్త్రం లేదు. నా సూది పోయింది. అందులో వదిలేసినానేమోనని వచ్చినా. చెప్పేదానికి సిగ్గయ్యి ఇదంతా కల్పించినా. బొంత నాకిచ్చెయ్. కుట్లన్నీ విప్పి, పొర పొరా దులిపి, మళ్ళీ కుట్టిస్తా. దొరక్కపోతే కొత్తదే కుట్టిస్తా."

బిందు బిడ్డను గుండెకు అదుముకుంది. వెంకటేష్ నోరు తెరిచి చూస్తున్నాడు. నాగులమ్మ తల ఎత్తలేదు. చేపల తూకం చోట తాను అన్న మాటలు ఇప్పుడు ఎవరో తన చెవిలో మళ్ళీ చెబుతున్నట్టుంది. కత్తెర, సముద్రం, అన్నీ.

"బిందూ, బిడ్డకు పాలియ్యి పో," అంది వెంకటశేషమ్మ. "అబ్బయ్యా, నువ్వు గూడా పో. ఒమే నాగులూ, నువ్వు నాతో లోపలికి రా."

స్వర్ణ హాల్లోనే నిలబడిపోయింది. లోపలి గదిలోకి వెళ్ళాక వెంకటశేషమ్మ తలుపు దగ్గరగా వేసింది. బీరువా మీద అగ్గిపెట్టె తీసి, నాగులమ్మ అరచేతిలో పెట్టింది.

అగ్గిపెట్టెలో నల్లది ఉంది.

"ఎప్పుడు దొరికిందమ్మా?"

"నువ్విచ్చిన పొద్దే."

"యాడ దొరికింది?"

"ఆఖరి మూల జేబులో. మొన పైకి పెట్టుకుని ఉండాది. ఒక కుట్టేసి ఆడనే గుచ్చి మర్చిపోయినట్టుండావు."

నాగులమ్మకు అప్పుడు కనిపించింది. హారన్ మోగుతుంటే దారం తెంపిన చేత్తోనే, ఇంకొక కుట్టు తర్వాత వేద్దామని సూదిని జేబులో దూర్చడం. సాక్షాత్తు తన చెయ్యే. స్వర్ణ చీపురు కాదు.

"మరి ఫోన్లో అడిగితే చెప్పలేదేందమ్మా? ఈ ఆటంతా ఆడనిచ్చినారు!"

వెంకటశేషమ్మ కిటికీ వైపు చూసింది. చీర చెంగు సవరించుకుంది. చూడగా చూడగా ఆ ముసలి ముఖం ఎర్రబడింది.

"మా ఇంట్లో," అంది గొంతు తగ్గించి, "కొత్త బొంత మీద పెద్దామె ఒకతె ముందు కూర్చుని లేస్తేగానీ బిడ్డను ఎయ్యం. మా అత్త పెట్టిన పద్ధతి అది. అది మాత్రం నిజం శాస్త్రం."

"ఊ."

"కూర్చున్నా."

"ఊ."

"ఊ ఏందే! అంతే. కూర్చున్నా. ఆ మూలనే."

నాగులమ్మ పెదవి కొరుక్కుంది. ఎంత కొరుక్కున్నా ఆగలేదు.

"నవ్వబాక! మనవరాలి మొగుడు హాల్లో ఉండె. ఎగిరి లేస్తే ఏమైందవ్వా అంటాడు. ఏం చెప్పేది? ముల్లన్నా. డాక్టరు కాడికి పోతే ఏ పొలంలో అంటాడు, యాడ గుచ్చుకునింది అంటాడు. మడి గట్టు మీద జారిపడినా అన్నా. నీ పుణ్యాన ఈ వయసులో ఎన్ని అబద్ధాలు!" అని తనే నవ్వడం మొదలుపెట్టింది, నడుం పట్టుకుని. "పొద్దున నువ్వు ఫోన్ చేసి శాస్త్రం అంటివి. నీ గొంతు విన్నప్పుడే తెలిసె నాకు. ఇది ఎంతదాకా పోతాదో చూద్దామనుకున్నా. ఇంకోటి ఉండాదేమోనని నువ్వొచ్చేదాకా బిడ్డను ఎయ్యలా, ఇప్పుడు ఎయ్యబోయినా నేనే ఆపేదాన్ని. నువ్వే ఆపినావు. పోనీలే."

"పేరు మాత్రం పాయెనమ్మా."

"నీ పేరు పాయె. నా పరువు ఉండాది. దాన్ని మాత్రం బయటికి తీసకపోబాక." వెంకటశేషమ్మ తలుపు తీయబోతూ ఆగింది. "సూది తీసిచ్చేసినాగదా, ఇంక ఆ మూల కుట్టు బిగించి పో. వదులు కుట్టు పెట్టి పురిటి బొంత ఇస్తారా ఎవరన్నా?"

నాగులమ్మ హాల్లోకొచ్చి నల్లదాన్ని అందరికీ చూపించింది. బొంత మూల జేబులోనే ఉందనీ, అమ్మగారు తీసి దాచిపెట్టారనీ చెప్పింది. అంతకంటే ఏమీ చెప్పలేదు. నేల మీద కూర్చుని, సూదిని తలలో ఒకసారి గీసుకుని, ఆఖరి మూల గట్టిగా కుట్టింది. దారం తెంపాక సూదిని పైకెత్తి స్వర్ణకు ఇచ్చింది.

"నువ్వు పెట్టుకో. నా దగ్గర ఉంటే మళ్ళీ యాడనో గుచ్చతా."

బిందు బిడ్డను బొంత మీద పడుకోబెట్టింది. వాడికి ఈ గొడవలేవీ పట్టలేదు. మెత్తగా ఉందని కాబోలు, ఒకసారి ఒళ్ళు విరుచుకుని పడుకున్నాడు.

తిరుగు ఆటోలో సంచి మళ్ళీ కమ్మీకి అతుక్కుంది. ఈసారి ఎవరూ లాగలేదు, అలాగే ఉండనిచ్చారు.

"నేనే మూలలో వదిలేసినా మే," అంది నాగులమ్మ, రోడ్డు వైపు చూస్తూ. "నీ తప్పు లేదు. వీధిలో అట్టా అనకుండా ఉండాల్సింది."

"వీధిలో అన్నది వీధిలోనే చెప్తావా అత్తా?"

నాగులమ్మకు కష్టంగానే ఉంది. "చెప్తాలే. ఎదురింటామె చేపలు ఆరబెట్టే వేళకి చెప్తా. అప్పుడైతే అందరికీ చేరతాది."

స్వర్ణ నవ్వింది. కాసేపాగి, "మరి అవ్వకి గుచ్చుకోలేదా అత్తా?" అంది.

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలా. పెద్దామె అంతసేపూ నిలబడే ఉండాదిగదా!"

"గమ్మునుండు," అంది నాగులమ్మ. ఆ ఒక్క మాట అనడానికి ఆమె చీర చెంగు నోట్లో కుక్కుకోవలసి వచ్చింది. ఇద్దరూ నవ్వుతుంటే ఆటో అబ్బాయి అద్దంలోంచి చూసి, ఏ సినిమాకు వెళ్ళొస్తున్నారని అడిగాడు.

బిందు వీడియోను అప్పటికే స్టేటస్ పెట్టేసింది. ఆపడం మరిచిపోయిన ఫోను 'ఆగమ్మా' దగ్గర నుంచి 'సిగ్గయ్యి' దాకా అంతా పట్టేసింది. తాళాల గుత్తి భాగం అన్ని పల్లెలూ తిరిగింది. మర్నాడు నాగులమ్మ వరండాలో కూర్చుని ఉండగా, గేటు తీసుకుని లోపలికొచ్చింది రెబెక్కమ్మ.

నాగులమ్మ చెయ్యి తనంతట తనే కత్తెర మీదికి వెళ్ళింది. రెబెక్కమ్మ ఏమంటుందో ఆమెకు తెలుసు. అనాల్సిందే. తాను ఆ స్థానంలో ఉంటే ఈపాటికి వీధి చివరి నుంచే అనుకుంటూ వచ్చేది.

రెబెక్కమ్మ ఎర్ర గచ్చు మీద కూర్చుంది. బకెట్ల వరస చూసింది. 'ఏమో' అన్నది చదివి చిన్నగా నవ్వింది. "నా ఇంట్లో అన్నీ ఏమోలే అక్కా," అంది. తర్వాత చేతిలోని మూట విప్పింది. ఉయ్యాలకు వేసే చిన్న బొంత.

"రేపు ఇయ్యాల. నిద్ర పట్టడంలా. ఆ పిన్నీసు కాణ్ణించి ప్రతి బొంతకీ ఇట్నే. ఎన్నిసార్లు తడిమినా నమ్మకం రాదు." కొంచెం ఆగింది. "ఆ రాయి ఒకసారి ఇస్తావా?"

నాగులమ్మ కత్తెర మీద నుంచి చెయ్యి తీసింది. గోడ మేకుకు వేలాడుతున్న సూదంటురాయి మీద సూదులన్నీ గుంపుగా అంటుకుని ఉన్నాయి, నల్లది కూడా. అది స్వర్ణ పెట్టిన కొత్త ఏర్పాటు. పని అయిన సూది ఇక అక్కడికే పోవాలట. గంగాధరానికి గాలాలు వెతికేందుకు రాయి కావలసినప్పుడు కోడలినే అడగాలట. నాగులమ్మ సూదులన్నీ ఒక్కొక్కటే వలిచి అట్టముక్కకు గుచ్చి, రాయిని రెబెక్కమ్మ ముందు పెట్టింది.

"ఒక్కదానివే తడిమితే నమ్మకం రాదులే మే," అంది. "నేను ఈ పక్క నుంచి వస్తా. నువ్వు ఆ పక్క నుంచి రా."

ఇద్దరూ బొంతకు చెరోవైపు కూర్చున్నారు. సముద్రం గాలికి బొంత అంచు లేస్తుంటే, లోపలి నుంచి స్వర్ణ వచ్చి 'ఏమో' బకెట్లోంచి సీసపు గుళ్ళు తీసి నాలుగు మూలలా పెట్టింది. అవి ఎందుకు పనికొస్తాయో ఆమెకు ఇప్పుడే తెలిసింది. వల ముందేసుకుని కూర్చున్న గంగాధరం గుళ్ళ కోసం చెయ్యి చాపాడు గానీ, ముగ్గురాడవాళ్ళ ముఖాలు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.